ఇల్లు సొంతమా, అద్దెదా? అసమానత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం మీద మాట మొదలైతే చాలు, జనం రెండు గుంపులైపోతారు. అద్దె కట్టేవాడు అమాయకుడని ఒకళ్ళు, లోన్ తీసుకున్నవాడు బ్యాంకుకి బానిస అని ఇంకొకళ్ళు. రెండిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది గానీ అసలు సంగతి ఈ గొడవలో కనపడకుండా పోతుంది. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నా, వరసగా చదవక్కర్లేదు, కావాల్సింది చూసుకోండి.

కొనుక్కోవడమా అద్దెకుండటమా అనేది ఎవరిష్టం వాళ్ళది కదా, ఇందులో అసమానత ఎక్కడుంది?

ఇష్టం అనే మాట రెండిట్లో ఏదైనా ఎంచుకోగలిగినవాళ్ళకే వర్తిస్తుంది, చాలామందికి ఆ అవకాశమే ఉండదు. ఒకే ఆఫీసులో ఒకే జీతం తీసుకునే ఇద్దర్ని అనుకోండి. ఒకళ్ళకి డౌన్ పేమెంట్ ఇంట్లోవాళ్ళు సర్దారు, రెండోవాళ్ళు తమ జీతంలోంచే ఇంటికి పంపాలి. మొదటివాళ్ళు లోన్ తీసుకుని కొనేశారు, పాతికేళ్ళు ఈఎంఐలు కట్టారు, లోన్ తీరిపోయింది, ఇల్లు మిగిలింది. రెండోవాళ్ళు అన్నేళ్ళూ అద్దె కట్టారు, అది పెరుగుతూ పోయింది, రిటైరయ్యాక కూడా కడుతూనే ఉండాలి. ఇద్దరూ పడ్డ కష్టం ఒకటే, మొదట్లో చేతికందిన ఆ ఒక్క మొత్తం దగ్గరే దారులు వేరైపోయాయి.

ఇందులో లోన్ చేసే మాయ కూడా ఉంది. ఇంటి ధర 100 అనుకుందాం, మీరు 20 పెట్టారు, బ్యాంకు 80 ఇచ్చింది. ధర 120 అయితే బ్యాంకుది 80 పోగా మీది 40, అంటే ధర పెరిగింది 20 శాతమే, మీరు పెట్టింది మాత్రం రెట్టింపు (వడ్డీ, ఖర్చులు పక్కన పెడితే). డౌన్ పేమెంట్‌కి కావాల్సిన ఆ 20 పోగుపడక, ఉన్నది సేవింగ్స్‌లోనే పెట్టుకున్న మనిషికి ఈ అవకాశం రాదు. మామూలు ఉద్యోగికి ఇంత పెద్ద అప్పిచ్చి ఒకే ఆస్తి మీద పందెం కాయమని బ్యాంకు ప్రోత్సహించేది ఇంటి విషయంలోనే, షేర్లు కొంటానంటే ఎవరూ అలా ఇవ్వరు. ధర 80కి పడిపోతే మీ 20 మొత్తం పోతుంది, అది కూడా గుర్తుంచుకోవాలి, దాని గురించి కింద ఉంది.

అద్దె కట్టడమంటే డబ్బు నీళ్ళలో పోసినట్టే కదా?

కాదు. అద్దె కడితే ఉండటానికి చోటు వస్తోంది. ఓనర్‌కి కూడా తిరిగిరాని ఖర్చులు ఉంటాయి: వడ్డీ, ఆస్తిపన్ను, రిపేర్లు, ఇన్సూరెన్సు, ఇంట్లో ఇరుక్కుపోయిన డబ్బు వేరేచోట పెడితే వచ్చే రాబడి పోవడం. 30 ఏళ్ళ లోన్ 6 శాతం వడ్డీకి తీసుకుంటే మొదటి నెల ఈఎంఐలో దాదాపు 83 శాతం వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది మిగతా కాస్తే. అద్దె తక్కువగా ఉన్నచోట అద్దెకుండి, మిగిలిన తేడాని నిజంగా దాచుకుంటే లెక్కలో అద్దెవాళ్ళే గెలిచిన సందర్భాలు బోలెడు.

అయితే "నిజంగా దాచుకుంటే" అనే దగ్గరే చిక్కు. ఈఎంఐ అనేది బలవంతపు పొదుపు, మెడమీద కత్తి ఉన్నట్టు కట్టేస్తారు. అద్దెవాళ్ళకి ఆ కత్తి ఉండదు, పైగా ఆదాయం తక్కువున్న కుటుంబాల్లో అద్దె కట్టేసరికి దాచుకోవడానికి మిగిలేదేమీ ఉండదు.

ఇంటి ధర పెరగడానికి ఓనర్ ఏం చేశారని ఆ లాభం?

ఇదే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, జనం దీన్నే తక్కువగా అడుగుతారు.

ఇల్లు అనే మాటలో రెండు వస్తువులు కలిసిపోయి ఉన్నాయి, కట్టడం, దాని కింద నేల. కట్టడం ఏటికేడాది పాతబడుతుంది, పెచ్చులూడతాయి, పైపులు లీకవుతాయి, దాని విలువ తగ్గేదే. పెరిగేది నేల. 14 సంపన్న దేశాల ఇళ్ళ ధరల్ని 1870 నుంచి లెక్కగట్టి 2017లో ముగ్గురు ఆర్థికవేత్తలు (నోల్, షులారిక్, స్టేగర్) పేపర్ వేశారు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళ ధరల పెరుగుదలలో 80 శాతం దాకా నేల ధర పెరగడం వల్లే అని అందులో తేలింది. మరి నేల ధర ఎందుకు పెరుగుతుంది? పక్కన రైల్వే స్టేషన్ వస్తుంది, మంచి స్కూలు వస్తుంది, కంపెనీలొస్తాయి, జనం వస్తారు. అవన్నీ ఊరంతా కలిసి, పన్నులు కట్టి తెచ్చుకున్నవి, అద్దెకుండేవాళ్ళ పన్నులు కూడా అందులో ఉన్నాయి. కానీ స్టేషన్ వచ్చిన మర్నాటి నుంచి ఓనర్‌కి ఆస్తి విలువ పెరుగుతుంది, అదే వీధిలో అద్దెకున్నవాళ్ళకి అద్దె పెరుగుతుంది. ఒకే స్టేషన్, ఒకళ్ళకి లాభం ఇంకొకళ్ళకి ఖర్చు, ఒక్కోసారి ఆ ఖర్చు భరించలేక అద్దెవాళ్ళు ఆ స్టేషన్‌కి దూరంగా వెళ్ళిపోవాల్సి వస్తుంది, తమ డబ్బుతో కట్టిందాన్ని వాడుకోకుండానే.

ఈ మాట కొత్తదేం కాదు. 1879లోనే హెన్రీ జార్జ్ అనే అమెరికన్ ఇదంతా రాసి, కట్టడం మీద కాకుండా నేల విలువ మీద పన్ను వెయ్యండి అన్నాడు. ఇప్పటికీ చాలామంది ఆర్థికవేత్తలు, అటు మార్కెట్ వైపువాళ్ళూ ఇటు వామపక్షం వైపువాళ్ళూ, ఆ పన్ను మంచిదనే అంటారు, చాలాచోట్ల రాజకీయ నాయకులు మాత్రం దాని జోలికి పోరు, ఎందుకో చెప్పక్కర్లేదు. 2015లో మాథ్యూ రోన్లీ అనే ఆర్థికవేత్త ఇంకో విషయం చూపించాడు: సంపన్న దేశాల్లో కొన్ని దశాబ్దాలుగా మొత్తం ఆదాయంలో పెట్టుబడికి (అంటే జీతాలకి కాకుండా ఆస్తులున్నవాళ్ళకి) వెళ్ళే వాటా పెరుగుతోందని అందరూ అంటున్నారే, ఆ పెరుగుదలలో పెద్ద భాగం ఇళ్ళ నుంచే వచ్చింది. అసమానత అంటే మనకి టెక్ కంపెనీల అధిపతులే గుర్తొస్తారు గానీ, మామూలు వీధుల్లోని మామూలు ఇళ్ళ వాటా కూడా తక్కువేం కాదు.

సొంతిళ్ళు ఎక్కువున్న దేశాల్లో అసమానత తక్కువుంటుందా?

అంత సూటిగా లేదు. రొమేనియాలో 90 శాతం పైగా జనం సొంత ఇళ్ళల్లోనే ఉంటారు, స్విట్జర్లాండ్‌లో 40 శాతం దగ్గర. ఎవరు డబ్బున్నవాళ్ళో అందరికీ తెలుసు. రొమేనియాలో 1989లో ప్రభుత్వం మారాక సర్కారు ఫ్లాట్లని అందులో ఉంటున్నవాళ్ళకే చవగ్గా అమ్మేశారు, అందుకే ఆ అంకె అంత పెద్దది, దానివల్ల జీతాలేమీ పెరగలేదు.

జర్మనీ కేసు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ దాదాపు సగం మంది అద్దెకే ఉంటారు, అద్దెవాళ్ళకి రక్షణ గట్టిగా ఉంటుంది, ఆదాయాలూ బాగుంటాయి. కానీ యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు 2013లో కుటుంబాల ఆస్తుల సర్వే బయటపెడితే, ఆస్తి వరసలో సరిగ్గా మధ్యలో నిలిచే జర్మన్ కుటుంబం ఆస్తి సర్వే చేసిన యూరో దేశాలన్నిటికంటే తక్కువ తేలింది, సంక్షోభంలో ఉన్న గ్రీస్ కంటే కూడా! అప్పట్లో పెద్ద దుమారమే రేగింది. అంటే అద్దెకుంటూ బాగానే బతకొచ్చు, కాకపోతే ఇల్లు లేని ఆ సగంలో చాలామంది దగ్గర చెప్పుకోదగ్గ ఆస్తి ఇంకేదీ పోగుపడదు, ఆస్తుల అసమానత అక్కడ ఎక్కువే. బతుకులో భద్రత వేరు, ఆస్తి వేరు. చాలా దేశాల్లో ఈ రెండిటినీ సొంతిల్లు అనే ఒకే మూటలో కట్టి అమ్ముతున్నారు, మూట కొనలేనివాళ్ళకి రెండూ దక్కవు.

అద్దెకుండటం వల్ల డబ్బు కాకుండా ఇంకేం నష్టం?

అది ఏ దేశంలో అద్దెకుంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో అద్దె ఒప్పందాలు మామూలుగా గడువు లేకుండా ఉంటాయి, చట్టం ఒప్పుకునే కారణం చూపించకుండా ఖాళీ చేయించలేరు. చాలాచోట్ల ఏడాది ఒప్పందాలు, లేదా ఒప్పందమే ఉండదు, నోటిమాటే.

అలాంటి చోట్ల నోటీసు రావచ్చన్న భయంతో బతకడం ఒక ఖర్చు, దానికి బిల్లు రాదంతే. పిల్లల స్కూలు మారిపోతుంది, తెలిసిన డాక్టరు దూరమవుతారు, అడ్రస్ మారినప్పుడల్లా కాగితాలన్నీ మార్చాలి, ఓటర్ల లిస్టులో పేరు గల్లంతవుతుంది. పైకప్పు కారుతోందని కంప్లైంట్ చెయ్యాలన్నా ఖాళీ చెయ్యమంటారేమో అని ఊరుకుంటారు. ఇక ఇల్లు దొరకడం మరో ఎత్తు. ఒకేలాంటి ఉత్తరం, ఒకే ఉద్యోగం, ఒకే జీతం, పేరు మాత్రం మార్చి ఓనర్లకి పంపిన ప్రయోగాలు చాలా దేశాల్లో జరిగాయి, మైనారిటీ వర్గం పేరుకి జవాబులు తక్కువ వస్తాయని మళ్ళీ మళ్ళీ తేలింది. ఒంటరి తల్లి అయినా, వలస వచ్చినవాళ్ళయినా ఇదే అనుభవం.

ఐక్యరాజ్యసమితి కమిటీ ఒకటి 1991లో ఇంటి హక్కుని వివరిస్తూ, అద్దె ఇల్లయినా సొంతమైనా బలవంతంగా వెళ్ళగొట్టకుండా చట్టపరమైన రక్షణ అందరికీ ఉండాలని రాసింది. సొంతిల్లు ఉంటేనే హక్కు అని ఎక్కడా లేదు.

కొందర్ని కావాలనే కొనుక్కోనివ్వకుండా ఆపారా?

అవును, కాగితాల మీద, రూల్స్ పెట్టి మరీ. బాగా రికార్డయిన ఉదాహరణ అమెరికాది. 1933లో పెట్టిన ఒక ప్రభుత్వ సంస్థ 1930లలోనే నగరాలకి మ్యాపులు గీసింది, లోన్ ఇవ్వడానికి మంచి ప్రాంతాలకి ఆకుపచ్చ, ప్రమాదం అనుకున్నవాటికి ఎరుపు, నల్లజాతివాళ్ళుండే వీధులు దాదాపు అన్నీ ఎరుపులోనే. 1934లో వచ్చిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ లోన్లకి గ్యారంటీ ఇచ్చేది, అదీ అలాంటి ప్రాంతాల్ని పక్కన పెట్టేసింది. నష్టంలో ఆ మ్యాపుల వాటా ఎంత, ఈ గ్యారంటీ రూల్స్ వాటా ఎంత అని పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, జరిగిన నష్టం గురించి మాత్రం వాదన లేదు. 1944 చట్టంతో యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి చవక లోన్లు ఇచ్చారు, నల్లజాతి సైనికుల్లో చాలామందికి బ్యాంకు గుమ్మం దగ్గరే అవి ఆగిపోయాయి. 1968లో వివక్ష కుదరదని చట్టం వచ్చింది, కానీ అప్పటికి ఒక తరం మొత్తం చవకగా కొనేసి, తర్వాతి తరానికి అందించడం మొదలుపెట్టేసింది. ఇవాళ్టికీ అక్కడ తెల్లవాళ్ళ కుటుంబాల్లో 70 శాతం పైన సొంతిల్లు ఉంటే నల్లవాళ్ళలో 45 శాతం దగ్గరే ఉంది.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోనే 1974 దాకా లోన్ ఇచ్చేటప్పుడు ఆడమనిషి అనో పెళ్ళి అయిందనో కాలేదనో తేడా చూపడం చట్టరీత్యా తప్పే కాదు.

సర్కారు ఇళ్ళని అందులో ఉన్నవాళ్ళకే అమ్మేస్తే సరిపోతుందిగా?

బ్రిటన్ అదే చేసింది. 1980 చట్టంతో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం కౌన్సిల్ ఇళ్ళలో (స్థానిక ప్రభుత్వాలు చవగ్గా అద్దెకిచ్చేవి) ఉండేవాళ్ళకి పెద్ద డిస్కౌంట్‌తో కొనుక్కునే హక్కు ఇచ్చింది. కొన్న కుటుంబాలకి అది నిజంగా వరమే, జీవితాలు మారాయి, ఇందులో వెటకారం ఏం లేదు. చిక్కల్లా తర్వాత వచ్చింది. అమ్మిన ఇళ్ళ స్థానంలో కొత్తవి సరిగ్గా కట్టలేదు, వెనక వచ్చినవాళ్ళకి చవక అద్దె ఇళ్ళు దొరకడం మానేశాయి, అప్పట్లో అమ్మిన ఫ్లాట్లు చేతులు మారి ఇప్పుడు ప్రైవేటు ఓనర్ల దగ్గర ఎక్కువ అద్దెకి తిరుగుతున్నాయి. ఇంగ్లండ్‌లో సొంతిళ్ళ వాటా 2003 ప్రాంతంలో 71 శాతం దాకా వెళ్ళి, తర్వాత 63 దగ్గరికి దిగిపోయింది. స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ పథకాన్ని ఆపేశాయి.

మరి అందరికీ సొంతిల్లు ఇచ్చిన దేశమే లేదా?

దగ్గరికి వచ్చింది సింగపూర్. 1960లో హౌసింగ్ బోర్డు పెట్టారు, 1966 చట్టంతో నేలని పెద్ద ఎత్తున ప్రభుత్వం తీసుకుంది, 1968 నుంచి జనం తమ ప్రావిడెంట్ ఫండ్ డబ్బు పెట్టి ఆ ఫ్లాట్లు కొనుక్కోవచ్చన్నారు. ఇప్పుడు అక్కడి నివాసితుల్లో దాదాపు 80 శాతం బోర్డు ఫ్లాట్లలోనే ఉంటారు, ఎక్కువమంది ఓనర్లే. గమనించాల్సింది ఏంటంటే నేల ప్రభుత్వం చేతుల్లో ఉండబట్టే అది సాధ్యమైంది. ఓనర్ అన్నా కూడా అది 99 ఏళ్ళ లీజే, గడువు దగ్గరపడేకొద్దీ ఫ్లాటు విలువ కరిగిపోతుంది, పాత ఫ్లాట్లవాళ్ళకి ఇప్పుడు అదే బెంగ. ఇక ఆ ఫ్లాట్లు కట్టిన వలస కూలీలు ఉండేది డార్మిటరీల్లో, వాళ్ళు ఈ లెక్కల్లోకే రారు.

అద్దెతోనే అందరూ బాగున్న చోటు ఉందా?

ఆస్ట్రియా రాజధాని వియన్నా పేరు అందరూ చెప్తారు, చెప్పడంలో తప్పు లేదు. 1923లో ఇళ్ళ కోసం ప్రత్యేక పన్ను వేశారు, పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళ మీద ఎక్కువ, పేదవాళ్ళ మీద నామమాత్రం. ఆ డబ్బుతో 1934 లోపల 60 వేలకి పైగా ఫ్లాట్లు కట్టారు. కట్టడం తర్వాత కూడా కొనసాగింది, ముఖ్యంగా కట్టినవాటిని అమ్ముకోలేదు. ఇప్పుడు ఆ నగర జనాభాలో సగం మంది దాకా నగరానికి చెందిన ఇళ్ళలోనో, సబ్సిడీతో కట్టిన లాభాపేక్ష లేని సంస్థల ఇళ్ళలోనో ఉంటారు.

అక్కడ ఆదాయ పరిమితి ఎక్కువ పెట్టారు కాబట్టి టీచర్లూ నర్సులూ డ్రైవర్లూ ఒకే మెట్ల మీద ఎదురవుతారు. పేదలకి మాత్రమే అని విడిగా కట్టిన కాలనీలకి పడే ముద్ర ఆ ఇళ్ళకి పడలేదు. మధ్యతరగతి కూడా అందులోనే ఉంది కాబట్టి ఏ పార్టీ వచ్చినా దాన్ని చెడగొట్టే ధైర్యం చెయ్యదు. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం అంత తేలిగ్గా దొరకదు, అక్కడ కొంతకాలం ఉంటేగానీ అప్లై చెయ్యలేరు.

అద్దెలు పెంచకూడదని చట్టం చేసేస్తే?

ఉన్నవాళ్ళకి మేలు, రాబోయేవాళ్ళకి కీడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో పాత చిన్న బిల్డింగులకి కూడా అద్దె నియంత్రణ వర్తింపజేశారు. దానిమీద స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూస్తే, అందులో ఉన్నవాళ్ళు కదలకుండా ఉండగలిగారు, నిజంగా ఉపయోగపడింది, కానీ ఓనర్లు ఇళ్ళని అమ్మకానికి మార్చేసి అద్దెకిచ్చే ఇళ్ళు 15 శాతం తగ్గించేశారు, నగరమంతా అద్దెలు 5 శాతం దాకా పెరిగాయి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నియంత్రణ ఉన్న ఇంటి కోసం క్యూలో ఏళ్ళ తరబడి ఉండాలి. బెర్లిన్ (జర్మనీలో ఆ నగరమే ఒక రాష్ట్రం) 2020లో అద్దెలకి పరిమితి పెడితే 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ కోర్టు కొట్టేసింది, ఆ అధికారం రాష్ట్రానికి లేదని.

నా మటుకు నాకు, ఇప్పటికే ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ళకి అద్దె ఒక్కసారిగా పెంచకుండా పరిమితి ఉండాలి, దాంతోపాటు కొత్త ఇళ్ళు కడుతూ ఉండాలి. రెండోది లేకుండా మొదటిది ఒక్కటే పెడితే క్యూలే మిగుల్తాయి.

కొత్త ఇళ్ళు కడితే అందరికీ మంచిదేగా, ఎవరు అడ్డుకుంటారు?

ఇళ్ళున్నవాళ్ళు! ధర పడిపోతుందనో, పార్కింగ్ ఉండదనో, వీధి "వాతావరణం" మారుతుందనో. మీటింగులకి వచ్చేది వాళ్ళే, అక్కడ ఇంకా ఇల్లు దొరకనివాళ్ళకి ఆ ఊళ్ళో ఓటే ఉండదు. అయినా న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో నగరంలో చాలా భాగం మీద ఎక్కువ ఇళ్ళు కట్టుకోవచ్చని రూల్స్ మార్చింది, ఆ తర్వాత కట్టడాలు బాగా పెరిగాయి.

గుడిసెల్లో ఉన్నవాళ్ళకి హక్కు పత్రం ఇస్తే పేదరికం పోతుందా?

ఆ కాగితం తాకట్టు పెట్టి లోన్ తెచ్చుకుని వ్యాపారాలు చేస్తారు అన్నది పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో వాదన. అర్జెంటీనాలో బ్యూనస్ ఎయిర్స్ దగ్గర ఒక బస్తీలో అనుకోకుండా కొందరికి పత్రాలు వచ్చి, పక్కింటివాళ్ళకి రాకపోవడంతో పరిశోధకులకి పోల్చి చూసే వీలు దొరికింది. లోన్లు పెద్దగా రాలేదు. కానీ పత్రాలొచ్చినవాళ్ళు గోడలూ పైకప్పులూ బాగు చేసుకున్నారు, పిల్లల్ని ఎక్కువ చదివించారు. ఎవరూ వచ్చి లేపెయ్యరన్న ధైర్యమే ఆ పని చేసింది, బ్యాంకు కాదు.

ఓనర్లంటే అందరూ డబ్బున్నవాళ్ళేనా?

అస్సలు కాదు. 2008 ముందు అమెరికాలో తక్కువ ఆదాయం వాళ్ళకి, అందులోనూ నల్లజాతి, లాటినో కుటుంబాలకి మొదట తక్కువగా ఉండి తర్వాత ఎగబాకే వడ్డీ లోన్లు అంటగట్టారు. ధరలు పడ్డాక ఇంటి విలువ కంటే అప్పే ఎక్కువైంది, లక్షల కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. కాగితం మీద ఓనర్ అయినంత మాత్రాన సరిపోదు, ఎలాంటి లోన్‌తో, ఏ ధర దగ్గర, ఏ వీధిలో కొన్నారన్నది చూడాలి. పడిపోయిన ధరలకి ఆ ఇళ్ళని పోగేసుకున్నది నగదు చేతిలో ఉన్న ఇన్వెస్టర్లు.

పన్నుల్లో ఎవరికి లాభం?

ఓనర్లకి, అందులోనూ పైవాళ్ళకి. నేను నా ఇల్లు మీకు అద్దెకిచ్చి, మీ ఇంట్లో నేను అద్దెకుంటే ఇద్దరం ఆ అద్దె మీద పన్ను కట్టాలి. ఎవరింట్లో వాళ్ళుంటే చాలా దేశాల్లో పన్ను లేదు, నిజానికి ఇద్దరికీ దక్కింది అదే ఇల్లు. బ్రిటన్‌లో ఈ "తమకి తామే కట్టుకున్నట్టు లెక్కేసే అద్దె" మీద పన్ను ఉండేది, 1963లో తీసేశారు. స్విట్జర్లాండ్‌లో కూడా ఉంది, 2025 సెప్టెంబర్‌లో ఓటేసి తీసెయ్యాలని నిర్ణయించారు, కాకపోతే అది అమలయ్యేది కొన్నేళ్ళ తర్వాతే. ఉంటున్న ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద కూడా చాలా దేశాల్లో మినహాయింపు ఉంది. అద్దెకున్నవాళ్ళకి చాలాచోట్ల ఇలాంటివి దాదాపు ఏమీ ఉండవు.

సరే, నేనిప్పుడు కొనాలా వద్దా?

ఎన్నేళ్ళు అక్కడే ఉంటారు, డౌన్ పేమెంట్ కట్టాక అత్యవసరానికి ఏమైనా మిగుల్తుందా, ఆరు నెలలు జీతం ఆగితే ఈఎంఐ ఎలా కడతారు, ఈ మూడూ చూసుకోండి. నాలుగైదేళ్ళలో కదిలిపోయేవాళ్ళకి కొనుగోలు ఖర్చులే తినేస్తాయి.

వయసయ్యాక అద్దెకున్నవాళ్ళ పరిస్థితి ఏంటి?

చాలా దేశాల పెన్షన్ వ్యవస్థలు రిటైరయ్యేసరికి మనిషికి లోన్ తీరిపోయిన ఇల్లొకటి ఉంటుందని లోపల్లోపల అనుకునే తయారయ్యాయి. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ పెన్షన్ ఇచ్చేముందు ఆస్తులు లెక్కగడతారు, ఉంటున్న ఇంటిని మాత్రం ఎంత ఖరీదైనా ఆ లెక్కలోకి తీసుకోరు. ఇల్లు లేక అదే డబ్బు బ్యాంకులో దాచుకున్నవాళ్ళకి మాత్రం అది లెక్కలోకి వస్తుంది. వాళ్ళకి ఆస్తి పరిమితి కాస్త ఎక్కువ పెట్టి, అద్దె సాయం కొంత ఇస్తారు, అయినా అక్కడ ముసలితనంలో పేదరికం ఎక్కువగా కనపడేది అద్దెకున్నవాళ్ళలోనే. సొంతిళ్ళ వాటా తగ్గుతున్న తరాలు ఇప్పుడు నలభైల్లో ఉన్నాయి, ఇంకో ఇరవై పాతికేళ్ళలో ఆ పెన్షన్ల దగ్గరికి వచ్చేది వాళ్ళే.